మూలుగుతుంది, తిరగదు: స్టెప్పర్ మోటార్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం స్టెప్పర్ మోటార్ల గురించే కావడంతో ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. దాదాపు అందరూ తప్పు కోడ్‌లోనే ఉందని నమ్మి దాన్నే పదేపదే మార్చి చూశారు. వైర్లను, కరెంటును, లెక్కను విడివిడిగా పరీక్షించినవారు తక్కువ. స్టెప్పర్ మోటారు అంటే మనం పంపే ఒక్కో పల్సుకు (చిన్న విద్యుత్ సంకేతానికి) ఒక్కో అడుగు చొప్పున తిరిగే మోటారు. మామూలుగా అది తాను ఎక్కడ ఉన్నదీ మనకు తిరిగి చెప్పదు. మనం పంపిన పల్సులను మనమే లెక్కపెట్టుకుని, అది ఫలానా చోట ఉండి ఉంటుందని అనుకుంటాం. పంపిన లెక్కకూ తిరిగిన లెక్కకూ మధ్య తేడా ఎక్కడ పుట్టిందో వెతకడమే కింది జవాబులలో చాలావాటి పని.

ప్రశ్న: నేను పాఠశాల విద్యార్థినిని. 28బీవైజే-48 అనే చిన్న స్టెప్పర్ మోటారును యూఎల్ఎన్2003 అనే డ్రైవర్ బోర్డుకు (మోటారుకు కరెంటు అందించే బోర్డు) తగిలించి, ఆ బోర్డు ఐఎన్1, ఐఎన్2, ఐఎన్3, ఐఎన్4 పిన్నులను వరుసగా ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ నడిపే చిన్న బోర్డు) 8, 9, 10, 11 పిన్నులకు కలిపాను. ఆర్డుయినోతో వచ్చే సిద్ధపు కోడ్ అయిన స్టెప్పర్ లైబ్రరీలో కూడా అదే వరుస ఇచ్చాను. బోర్డు మీద లైట్లు వెలుగుతున్నాయి, మోటారు సన్నగా మూలుగుతోంది, పట్టుకుంటే వణుకు తెలుస్తోంది, కానీ షాఫ్ట్ తిరగడం లేదు. మోటారు పాడైపోయిందా?

జవాబు: లేదమ్మా, మోటారు బాగానే ఉంది, వరుస తప్పింది. ఈ మోటారు లోపల రెండు కాయిల్స్ (తీగ చుట్లు) ఉంటాయి. ఒక్కో కాయిల్ మధ్య నుంచి ఒక తీగను బయటికి తెచ్చి, ఆ రెండింటినీ కలిపి ఎర్ర వైరుగా ఇస్తారు. దానికి 5 వోల్టులు అందుతాయి. నీలం, పసుపు వైర్లు ఒక కాయిల్‌కు రెండు చివరలు. గులాబీ, నారింజ రంగు వైర్లు రెండో కాయిల్‌కు రెండు చివరలు. బోర్డు మీద ఐఎన్1, ఐఎన్3 ఒక కాయిల్‌కూ, ఐఎన్2, ఐఎన్4 ఇంకో కాయిల్‌కూ వెళతాయి. ఒకే కాయిల్ రెండు చివరలనూ ఒకేసారి ఆన్ చేస్తే దాని రెండు సగాలలో కరెంటు ఎదురెదురు దిశల్లో ప్రవహించి, ఒక సగం అయస్కాంత బలాన్ని రెండో సగం రద్దు చేస్తుంది.

స్టెప్పర్ లైబ్రరీ తనకు ఇచ్చిన నాలుగు పిన్నులలో మొదటి రెండూ ఒక కాయిల్‌వని, చివరి రెండూ మరో కాయిల్‌వని అనుకుంటుంది. అలా అనుకుని ఒకటీ మూడూ, రెండూ మూడూ, రెండూ నాలుగూ, ఒకటీ నాలుగూ అనే క్రమంలో వాటిని జంటలుగా ఆన్ చేస్తుంది. నువ్వు 8, 9, 10, 11 అని ఇచ్చావు కనుక మొదటి అడుగులో ఐఎన్1, ఐఎన్3 కలిసి ఆన్ అవుతాయి; అవి ఒకే కాయిల్ చివరలు కాబట్టి ఫలితం సున్నా. రెండో అడుగులో ఐఎన్2, ఐఎన్3 ఆన్ అవుతాయి. ఇది సరైన జంటే. మూడో అడుగు మళ్లీ సున్నా. నాలుగో అడుగులో వచ్చే ఐఎన్1, ఐఎన్4 జంట రెండో అడుగుకు సరిగ్గా ఎదురు దిశలో లాగుతుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు, నడుమ రెండుసార్లు ఏమీ లేకుండా పోవడంతో లోపల తిరిగే భాగం, అంటే రోటరు, ఏ దిశనూ పట్టుకోలేక ఉన్నచోటే కొట్టుకుంటుంది. నీ చేతికి తెలిసిన వణుకు అదే.

వైర్లు కదపనక్కరలేదు. లైబ్రరీకి పిన్నుల వరుసను 8, 10, 9, 11 అని ఇస్తే చాలు. సరిపోయిందో లేదో కంటితో చూడాలంటే, ఒక్క అడుగు వేయించి ఒక సెకను ఆగే చిన్న ప్రోగ్రామ్ రాసి, బోర్డు మీద ఏ, బీ, సీ, డీ అని గుర్తులున్న నాలుగు ఎర్ర లైట్లను గమనించు. పక్కపక్కనున్న రెండేసి లైట్లు జంటగా వెలుగుతూ ఆ జంట ఒక్కో గడి జరుగుతూ పోవాలి. డీ తర్వాత మళ్లీ ఏ వైపు చుట్టి రావాలి. ఏ, సీ కలిసి వెలిగాయంటే వరుస ఇంకా తప్పుగానే ఉన్నట్టు. ఇంకో మాట: అడుగుల సంఖ్య 2048 అని ఇచ్చి, వేగం నిమిషానికి 10 చుట్లకు మించకుండా మొదలుపెట్టు. 15 దాటితే వరుస సరిగ్గా ఉన్నా ఈ చిన్న మోటారు 5 వోల్టుల దగ్గర మూలుగుతూ నిలిచిపోవచ్చు.

ప్రశ్న: అయ్యా, ఉద్యోగ విరమణ తర్వాత ఈ విద్య నేర్చుకుంటున్నాను. 28బీవైజే-48 మోటారు షాఫ్ట్‌కు నిమిషాల ముల్లు తగిలించి గోడ గడియారం చేశాను. సమయం కోసం డీఎస్3231 మాడ్యూల్ వాడాను. గంటకు 2048 అడుగులు సమంగా పంచి పంపుతున్నాను. ముల్లు మాత్రం రోజుకు సుమారు ఏడు నిమిషాలు ముందుకు పోతోంది. మాడ్యూల్ చూపే సమయాన్ని తెర మీద సరిచూశాను. అది ఖచ్చితంగా ఉంది. లోపం ఎక్కడ?

జవాబు: మాడ్యూల్ సమయాన్ని విడిగా సరిచూసుకుని మీరు సగం పని ముందే పూర్తి చేశారు. డీఎస్3231 మామూలు ఉష్ణోగ్రతల్లో పది లక్షలకు రెండు వంతుల లోపు తేడాతో నడుస్తుంది. అంటే ఏడాదికి నిమిషం పైచిలుకు. దానివల్ల రోజుకు ఏడు నిమిషాలు రావు. మీరు ఊనో బోర్డు సొంత గడియారాన్నే నమ్ముకుని ఉంటే నా అనుమానం ముందుగా దాని మీదికి పోయేది, ఎందుకంటే అందులో ఉండేది సిరామిక్ రెజొనేటర్. గడియారం నడిపేంత ఖచ్చితత్వం దానికి ఉండదు.

తప్పు 2048 అనే అంకెలో ఉంది. ఈ మోటారు లోపలి రోటరు ఒక చుట్టుకు 32 పూర్తి అడుగులు వేస్తుంది. బయటి షాఫ్ట్ వేగాన్ని గేర్లు 64 వంతులకు తగ్గిస్తాయని మోటారు వివరాలలో రాసి ఉంటుంది; 32ను 64తో గుణిస్తే 2048 వస్తుంది. కానీ మూత విప్పి పళ్లు లెక్కపెట్టి చూస్తే నాలుగు జతలు కనబడతాయి: 32కు 9, 22కు 11, 26కు 9, 31కు 10. ఈ నాలుగు నిష్పత్తులనూ గుణిస్తే వచ్చేది 64 కాదు, 63.684. అంటే షాఫ్ట్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి సుమారు 2037.89 అడుగులు చాలు. మీరు ప్రతి గంటా పది అడుగులు అదనంగా పంపుతున్నారు. గంటకు అది 17.9 సెకన్లకు సమానం, 24 గంటలకు 7 నిమిషాల 9 సెకన్లు. మీరు చూసిన ఏడు నిమిషాలు అవే.

అయినా మీ మోటారులోనూ ఇవే గేర్లున్నాయని కేవలం నా మాట మీద నమ్మవద్దు. షాఫ్ట్‌కు ఒక కాగితపు సూచిక అంటించి, దాని ఎదురుగా పెన్సిల్‌తో గీత గీసి, ఏకధాటిగా 2,04,800 అడుగులు పంపండి. నిమిషానికి పది చుట్ల వేగంతో దీనికి పది నిమిషాలు పడుతుంది. గేర్లు అచ్చంగా 64 వంతులవే అయితే సూచిక నూరు చుట్లు తిరిగి గీత మీదే ఆగుతుంది. 63.684 వంతులవైతే దాదాపు అర చుట్టు అదనంగా పోయి గీతకు ఎదురు దిక్కున నిలబడుతుంది. ఇంత స్పష్టంగా తేల్చి చెప్పే పరీక్ష అరుదుగా దొరుకుతుంది.

ఇక సవరణ. రోజుకోసారి ఏడు నిమిషాలు వెనక్కి తిప్పే కోడ్ రాయాలని అనిపించవచ్చు. దయచేసి ఆ దారి పట్టవద్దు, అలా చేస్తే రోజు పొడవునా గడియారం ఎంతో కొంత తప్పుగానే ఉంటుంది. 2038 అని రాసినా చిన్న తేడా మిగిలిపోతూనే ఉంటుంది. పై గేర్ల లెక్క ప్రకారం 405 చుట్లకు సరిగ్గా 8,25,344 అడుగులు పడతాయి. అంటే చుట్టుకు 2037 అడుగులు, పైన 405లో 359 వంతులు. కాబట్టి ప్రతి గంటకు 2037 అడుగులు వేయించి, ఒక చరరాశిలో 359 కలుపుతూ పోండి. అది 405కు చేరినా, దాటినా అందులోంచి 405 తీసేసి ఆ గంటలో ఒక అడుగు ఎక్కువ వేయించండి. దశాంశాల అవసరం లేకుండా, ఎన్నేళ్లు నడిచినా లెక్కలో తేడా పేరుకోదు. ముల్లు పన్నెండు దాటి కిందికి దిగే వైపు రవ్వంత ముందుగా, పైకి ఎక్కే వైపు రవ్వంత వెనకగా కనిపిస్తే కంగారు పడవద్దు. అది గేర్ల పళ్ల మధ్య ఉండే సందు, ముల్లు బరువు కలిసి చేసే పని. ముల్లుకు వెనకవైపు కొంత బరువు కట్టి సమతూకం చేస్తే తగ్గుతుంది.

ప్రశ్న: యూఎస్‌బీ మీద మోటారు చక్కగా తిరుగుతోంది. 9 వోల్టుల చదరపు బ్యాటరీ పెడితే రెండు చుట్లు తిరిగి బోర్డు రీసెట్ అవుతోంది. ఎందుకు?

జవాబు: ఆ బ్యాటరీ ఇలాంటి పనికి పుట్టలేదు. మీ చిన్న మోటారు కాయిల్ నిరోధం సుమారు 50 ఓములు. రెండు కాయిల్స్ ఆన్‌లో ఉంటే దాదాపు 200 మిల్లీఆంపియర్లు ఎడతెగకుండా లాగుతుంది. అంత కరెంటు తీస్తే ఆ బ్యాటరీ వోల్టేజీ పడిపోతుంది, బోర్డు మీది రెగ్యులేటరు 5 వోల్టులు నిలపలేదు, మైక్రోకంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మోటారుకు విడిగా నాలుగు పెన్సిల్ సెల్స్ గానీ 5 వోల్టుల అడాప్టరు గానీ పెట్టండి. రెండు సరఫరాల గ్రౌండ్ వైర్లను మాత్రం తప్పనిసరిగా కలపండి. అవి కలవకపోతే ఆర్డుయినో పంపే సంకేతాన్ని డ్రైవర్ బోర్డు దేనితో పోల్చి చూడాలో తెలియక మోటారు అడ్డదిడ్డంగా ప్రవర్తిస్తుంది.

ప్రశ్న: నెమా 17 అనే పరిమాణపు స్టెప్పర్ మోటారు మీద 2.8 వోల్టులు, 1.68 ఆంపియర్లు అని రాసి ఉంది. ఏ4988 డ్రైవర్‌కు 12 వోల్టులు ఇవ్వమని అందరూ చెబుతున్నారు. మోటారు కాలిపోదా? పైగా మోటారు తిరుగుతూ తిరుగుతూ మధ్యమధ్య ఆగి, డ్రైవర్ చిప్ వేడెక్కి, కాసేపటికి మళ్లీ తిరుగుతోంది. కరెంటు హద్దు పెట్టే ఆ బుల్లి స్క్రూను ఎంత తిప్పాలి?

జవాబు: రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. మోటారుకు 12 వోల్టులు నేరుగా ఇస్తే నిజంగానే కాలిపోతుంది: కాయిల్ నిరోధం 1.67 ఓములు కాబట్టి ఏడు ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఏ4988 అలా నేరుగా ఇవ్వదు. కాయిల్‌లో కరెంటును గమనిస్తూ, మనం పెట్టిన హద్దుకు చేరగానే సరఫరాను తెంచి, కొంత తగ్గగానే మళ్లీ ఇస్తూ, సెకనుకు వేలసార్లు అలా చేసి కరెంటును ఆ హద్దు దగ్గరే పట్టి ఉంచుతుంది. ఎక్కువ వోల్టేజీ ఎందుకంటే, కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా పెరగదు; దాని ఇండక్టెన్స్ అడ్డుపడుతుంది. మోటారు వేగంగా తిరిగేటప్పుడు ఒక్కో అడుగుకు దొరికే సమయం మిల్లీసెకను కంటే తక్కువ. ఆ కాస్త సమయంలో కరెంటు పెరగాలంటే వెనక నుంచి గట్టిగా తోసే వోల్టేజీ కావాలి. 2.8 వోల్టులతో మెల్లగా తిరుగుతుంది, వేగం పెంచితే బలం పోతుంది.

ఇక స్క్రూ. డ్రైవర్ బోర్డు మీద నల్లటి చిప్ పక్కన రెండు చిన్న నిరోధకాలు ఉంటాయి. భూతద్దం పెట్టి చూస్తే వాటి మీద ఆర్100 అనో, ఆర్068 అనో, ఆర్050 అనో కనిపిస్తుంది. అవి వరుసగా 0.1, 0.068, 0.05 ఓములు. ఈ అక్షరాలు చదవకుండా స్క్రూ ముట్టుకోవద్దు. కరెంటు హద్దు ఎంతంటే, స్క్రూ తిప్పితే మారే వీరెఫ్ అనే వోల్టేజీని ఆ నిరోధకం విలువకు ఎనిమిది రెట్లతో భాగిస్తే వచ్చేదంత. ఆర్100 ఉన్న బోర్డులో వీరెఫ్ 0.8 వోల్టులు పెడితే కాయిల్‌కు 1 ఆంపియరు. అదే 0.8 వోల్టులు ఆర్050 బోర్డులో పెడితే 2 ఆంపియర్లు! ఎక్కడో చదివిన వోల్టేజీని అలాగే తెచ్చి పెట్టుకోవడం వల్ల చాలామంది డ్రైవర్లు పోగొట్టుకునేది ఇక్కడే.

వీరెఫ్ కొలవడానికి మల్టీమీటర్ నల్ల తీగను గ్రౌండ్‌కు, ఎర్ర తీగను ఆ స్క్రూ లోహపు తలకు తాకించాలి. బోర్డుకు కరెంటు ఉండాలి, మోటారు ఉండనక్కరలేదు. స్క్రూను గడియారపు ముల్లు కదిలేంత కొంచెం తిప్పి మళ్లీ కొలవండి. ఏ4988 చిప్ సామర్థ్యం 2 ఆంపియర్లని రాసి ఉన్నా, హీట్‌సింక్ గానీ గాలి గానీ లేకుండా 1 ఆంపియరు దాటితే అది వేడెక్కి తనను తానే ఆపుకుంటుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. మీ మోటారు ఆగి ఆగి తిరగడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ముందు 1 ఆంపియరుకు తగ్గించి చూడండి. చాలా పనులకు అది సరిపోతుంది. 12 వోల్టుల తీగలో అమ్మీటరు పెట్టి చూసి, అక్కడ అర ఆంపియరే ఉందని స్క్రూను పెంచవద్దు. సరఫరా తీగలోని కరెంటు, కాయిల్‌లోని కరెంటు ఒకటి కావు. కాయిల్‌లో సాధారణంగా ఎక్కువే ఉంటుంది.

డ్రైవర్ మోటారు సరఫరా పిన్నుల దగ్గరే 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టండి, కరెంటు ఉండగా మోటారు వైరు ఎప్పుడూ ఊడదీయవద్దు. ప్లగ్గు వదులుగా ఉందనిపించి సరఫరా ఆపకుండానే లాగి బిగించబోయి నేను ఒకే సాయంత్రం రెండు డ్రైవర్లను పోగొట్టుకున్నాను. కాయిల్‌లో ప్రవహిస్తున్న కరెంటుకు దారి తెగిపోతే పుట్టే వోల్టేజీ చిప్‌ను క్షణంలో చంపుతుంది. పొగ కూడా రాదు, చూడటానికి చిప్ కొత్తదానిలాగే ఉంటుంది.

ప్రశ్న: ఊనోతో బాగా నడిచిన ఏ4988, ఈఎస్‌పీ32 అనే మరో బోర్డుకు మార్చాక ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. వైర్లు అవే.

జవాబు: డ్రైవర్‌లో సంకేతాల భాగానికి సరఫరా అందించే వీడీడీ పిన్నుకు ఇంకా 5 వోల్టులే ఇస్తున్నారనుకుంటాను. ఏ4988 తన వీడీడీలో పది వంతులకు ఏడు వంతులు దాటిన వోల్టేజీనే ఆన్‌గా తప్పకుండా గుర్తిస్తుంది. 5 వోల్టులకు అది 3.5 వోల్టులు. ఈఎస్‌పీ32 పిన్ను ఇవ్వగలిగింది 3.3 మాత్రమే. వీడీడీని 3.3 వోల్టులకు మార్చండి. చిప్ 3 వోల్టుల నుంచే పనిచేస్తుంది. అలాగే ఈఎస్‌పీ32 వేగవంతమైనది కాబట్టి స్టెప్ పిన్నును ఆన్ చేసి వెంటనే ఆఫ్ చేయకుండా మధ్యలో రెండు మైక్రోసెకన్లు ఆపండి. ఏ4988కు కనీసం ఒక మైక్రోసెకను, అలాంటిదే మరో డ్రైవర్ డీఆర్‌వీ8825కు 1.9 మైక్రోసెకన్ల పల్సు అవసరం. రీసెట్ పిన్నును గాలికి వదిలేసి ఉంటే పక్కనున్న స్లీప్ పిన్నుతో కలపండి.

ప్రశ్న: కిటికీ తెర పైకి చుట్టే యంత్రం చేశాను. సగం అడుగుల పద్ధతిలో చుట్టుకు 4096 అడుగులు. ఏడు చుట్లు అడిగితే సరిగ్గా ఏడు చుట్లు. ఎనిమిది అడిగితే ఎదురు దిశలో తిరుగుతోంది! ఇదే ప్రోగ్రామ్ మా స్నేహితురాలి ఈఎస్‌పీ32 మీద బాగా పనిచేస్తోంది. నా బోర్డు పాడైందా?

జవాబు: ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది, ఎందుకంటే సమాధానం మీరు ఇచ్చిన అంకెల్లోనే ఉంది. 4096ను 7తో గుణిస్తే 28,672. ఎనిమిదితో గుణిస్తే 32,768. ఊనోలో పూర్ణ సంఖ్యలు దాచే ఇంట్ అనే రకానికి 16 బిట్లే ఉంటాయి. అది పట్టగల గరిష్ఠ సంఖ్య 32,767. మీరు సరిగ్గా ఒక్కటి ఎక్కువ అడిగారు. అప్పుడది పట్టక, పైబిట్ కాస్తా రుణ చిహ్నంగా మారి మైనస్ 32,768 అవుతుంది. మోటారు బుద్ధిగా ఎనిమిది చుట్లు వెనక్కి తిరుగుతుంది. ఈఎస్‌పీ32లో ఇంట్‌కు 32 బిట్లుంటాయి కాబట్టి మీ స్నేహితురాలికి ఆ ఇబ్బంది రాలేదు.

చరరాశిని లాంగ్‌గా (32 బిట్ల రకంగా) ప్రకటిస్తే సరిపోతుందనుకుని చాలామంది రెండోసారి పడేది ఇక్కడే. లాంగ్ చరరాశిలోకి 4096 గుణకం 8 అని రాసినా, గుణకారం ముందు 16 బిట్లలోనే జరిగి, పాడైపోయిన ఫలితం లాంగ్‌లోకి చేరుతుంది. రెండు సంఖ్యలలో ఒకదాని చివర ఎల్ అక్షరం చేర్చి అది లాంగ్ అని ముందే చెప్పాలి. లేదా చుట్ల సంఖ్యను దాచే చరరాశినే లాంగ్‌గా పెట్టాలి. తెర ఎక్కడుందో గుర్తుపెట్టుకునే మొత్తం లెక్కను కూడా లాంగ్‌లోనే ఉంచండి.

ప్రశ్న: పెన్నుతో బొమ్మలు గీసే యంత్రం కట్టాను. నెమా 17 మోటార్లు, జీటీ2 బెల్టు, 20 పళ్ల పుల్లీ, 16 వంతుల మైక్రోస్టెప్ (ఒక్కో పూర్తి అడుగును 16 చిన్న అడుగులుగా విడగొట్టడం), ఊనో మీద యాక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీ, గరిష్ఠ వేగం 8000. పెన్ను ఎక్కడుందో చిన్న ఎల్‌సీడీ మీద చూపిస్తున్నాను. చతురస్రం గీస్తే చివరి గీత మొదటి చుక్కను కలవదు. ఒకసారి కొంచెమే తేడా, ఒకసారి మిల్లీమీటరు దాటి. మోటార్లు పెద్దవి వేయమంటారా?

జవాబు: పెద్ద మోటారు కొనేముందు ఆ తేడాను స్కేలుతో కొలిచి రాసుకోండి, పదిసార్లు గీసి పది కొలతలు తీసుకోండి. ఎందుకంటే స్టెప్పర్ మోటారు అడుగులు పోగొట్టుకుంటే ఇష్టం వచ్చినన్ని పోగొట్టుకోదు. కాయిల్స్‌లో కరెంటు వరుస ప్రతి నాలుగు పూర్తి అడుగులకు ఒకసారి మొదటికి వస్తుంది. పట్టు తప్పిన రోటరు మళ్లీ పట్టు దొరికేది అలాంటి తర్వాతి స్థానంలోనే. కాబట్టి పోయిన అడుగులు నాలుగు, ఎనిమిది, పన్నెండు ఇలాగే ఉంటాయి. మీ బెల్టు పళ్ల దూరం 2 మిల్లీమీటర్లు, పుల్లీకి 20 పళ్లు, అంటే చుట్టుకు 40 మిల్లీమీటర్లు. మోటారు చుట్టుకు 200 పూర్తి అడుగులు. అడుగుకు 0.2, నాలుగు అడుగులకు 0.8 మిల్లీమీటరు. మీ కొలతలు 0.8, 1.6, 2.4 దగ్గర గుంపులు కడితే మోటారు అడుగులు పోగొట్టుకుంటున్నట్టు. ఎప్పుడూ 0.3 లాంటి ఒకే చిన్న తేడా వస్తుంటే అది బెల్టు వదులు. తేడా క్రమం లేకుండా, ఎటుపడితే అటు ఉంటే పుల్లీ షాఫ్ట్ మీద జారుతోందేమో చూడండి: పుల్లీ మీది నుంచి షాఫ్ట్ మీదికి మార్కరు పెన్నుతో ఒకే గీత గీసి, బొమ్మ గీశాక ఆ గీత విరిగిందో లేదో గమనించండి. విరిగితే స్క్రూ బిగించండి. అది షాఫ్ట్ మీది చదునైన వైపుకే తగలాలి.

మీరు ‘ఒకసారి కొంచెమే, ఒకసారి మిల్లీమీటరు దాటి’ అన్నారు కనుక నేను మొదటిదాన్నే అనుమానిస్తున్నాను, కారణాలు మీ ఉత్తరంలోనే రెండు ఉన్నాయి. ఒకటి వేగం. 16 మెగాహెర్ట్జ్ బోర్డు మీద యాక్సెల్‌స్టెప్పర్ నమ్మకంగా పంపగలిగేది సెకనుకు సుమారు 4000 పల్సులని ఆ లైబ్రరీ రచయితే రాశారు. మీరు 8000 అడిగారు. 16 వంతుల మైక్రోస్టెప్‌లో మిల్లీమీటరుకు 80 పల్సులు కావాలి కాబట్టి మీ కోరిక సెకనుకు 100 మిల్లీమీటర్లు. డ్రైవర్‌లో మైక్రోస్టెప్‌ను ఎంచుకునే పిన్నులలో ఎంఎస్2 ఒక్కదాన్నే ఆన్ చేసి నాలుగు వంతుల మైక్రోస్టెప్‌కు మారితే అదే వేగానికి 2000 పల్సులు చాలు. గీతల నునుపు కొంచెం తగ్గవచ్చు, లెక్క మాత్రం నిలబడుతుంది.

రెండోది ఎల్‌సీడీ. యాక్సెల్‌స్టెప్పర్‌లో రన్ అనే ఆజ్ఞను ఎంత తరచుగా పిలిస్తే అంత మంచిది. ఒక్కో పిలుపుకు అది గరిష్ఠంగా ఒక్క పల్సే పంపుతుంది. తెర మొత్తాన్ని తిరగరాయడానికి పదుల మిల్లీసెకన్లు పట్టవచ్చు. అంతసేపు పల్సులు ఆగిపోయి, పరుగెత్తుతున్న మోటారు గతుక్కుమని నిలబడుతుంది. లైబ్రరీ దృష్టిలో మాత్రం మోటారు ఇంకా పూర్తి వేగంలోనే ఉంది, అందువల్ల తెర రాయడం అయిపోగానే మెల్లగా మొదలుపెట్టకుండా నేరుగా అదే వేగంతో పల్సులు పంపుతుంది. నిలబడిన మోటారు ఆ వేగాన్ని ఒక్కసారిగా అందుకోలేదు, అక్కడే అడుగులు పోతాయి. పెన్ను కదులుతున్నంతసేపు తెరను ముట్టుకోకుండా, గీత ముగిసి ఆగిన తర్వాతే రాయించండి. సీరియల్ ద్వారా కంప్యూటరుకు పంపే సందేశాలకూ ఇదే వర్తిస్తుంది: 9600 వేగంలో ఒక్కో అక్షరానికి మిల్లీసెకను పైగా పడుతుంది, బఫరు నిండితే ప్రోగ్రామ్ అక్కడే వేచి ఉంటుంది. ఈ రెండూ సరిచేసి మళ్లీ పది చతురస్రాలు గీయండి. అప్పటికీ 0.8 గుణిజాలే కనిపిస్తే యాక్సెలరేషన్‌ను సగానికి తగ్గించండి. మోటారు మార్చే ఆలోచన ఆ తర్వాత చేద్దాం.

ప్రశ్న: మోటారు తిరగకుండా ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. ప్రమాదమా?

జవాబు: స్టెప్పర్ మోటారు నిలబడి ఉన్నప్పుడూ తన స్థానాన్ని పట్టి ఉంచడానికి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది; వేడి అందుకే. చాలా నెమా 17 మోటార్ల కాయిల్ ఇన్సులేషన్ బి తరగతిది, 130 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది, కనుక వేలు పెట్టలేకపోవడం ఒక్కటే ప్రమాద సూచన కాదు. బరువు ఎత్తి పట్టుకోవలసిన పని లేకపోతే ఆగి ఉన్న సమయంలో డ్రైవర్ ఎనేబుల్ పిన్నును ఆన్ చేయండి. ఏ4988లో ఆ పిన్ను తలకిందులుగా పనిచేస్తుంది, ఆన్ చేస్తే కాయిల్స్‌కు కరెంటు ఆగుతుంది. అలా వదిలినప్పుడు షాఫ్ట్ కొంచెం జరగవచ్చు కాబట్టి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు హద్దు దగ్గర పెట్టే లిమిట్ స్విచ్‌ను తాకించి సున్నా స్థానం నుంచి లెక్క మొదలుపెట్టడం మేలు. మోటారును బిగించిన బ్రాకెట్ పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ముద్రించినదైతే మాత్రం వీరెఫ్‌ను ఇవాళే తగ్గించండి. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మోటారుకు ఏమీ కాకముందే బ్రాకెట్ వంగి బెల్టు వదులవుతుంది.